రెండు కన్నుల పెట్టెలో కాశీ

నల్లగుడ్డ కింద తల దూర్చి నేను మొదటిసారి చూసినప్పుడు మా ఊరు, ఊరిగాం, తలకిందులుగా ఉంది. మూడు కాళ్ళ మీద నిలబెట్టే ఆ పాత చెక్క కెమెరాకు వెనకవైపు ఒక గరుకు అద్దం ఉంటుంది. ముందున్న కటకం బయటి లోకాన్ని తెచ్చి ఆ అద్దం మీద బోర్లా పరుస్తుంది. బంగారు గనిలోకి దిగే షాఫ్టు మీది ఇనుప గోపురం పైనుంచి వేలాడుతోంది. దాని చక్రం చప్పుడు లేకుండా తిరుగుతోంది. బంగారం తీసేశాక మిగిలిన సైనైడ్ మట్టి దిబ్బలు మబ్బుల్లా పైన తేలుతుంటే, అసలు ఆకాశం కింద చెరువులా పరుచుకుని ఉంది. ఒక ఆవు కాళ్ళు పైకి పెట్టుకుని ఏ తొందరా లేకుండా ఆ చివర నుంచి ఈ చివరకు నడిచిపోయింది. అంతలో షిఫ్టు సైరన్ మోగింది. అది మాత్రం రోజూ మోగినట్టే మోగింది.

నాకు భయం వేయలేదు. భజన మందిరంలో పెరిగినవాణ్ణి. కనబడేది ఒకటి, ఉన్నది ఒకటి అని పురాణం చెప్పేవాళ్ళ నోట చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. కానీ వినడం వేరు, గుడ్డ కింద ఊపిరి బిగబట్టి చూడడం వేరు. బయటికి వచ్చాక చాలాసేపు నేల మీద కాలు గట్టిగా ఆనలేదు.

గనులు ప్రభుత్వం చేతికి వచ్చాక పాత దొరల బంగళాలు ఒక్కొక్కటిగా చేతులు మారాయి. వాటిలోంచి బయటపడ్డ సామాను రాబర్ట్‌సన్‌పేట బజారులోని పాతసామాన్ల అంగళ్ళకు చేరేది. గనుల టైమాఫీసులో గుమాస్తాగా ఉన్న నేను సాయంత్రాలు ఆ అంగళ్ళ చుట్టూ తిరిగేవాణ్ణి. పెట్టె కెమెరాలు, తోలు తిత్తి ముడుచుకునే మడత కెమెరాలు, రెండు బొమ్మల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే బొమ్మగా లేచి నిలబడే జంట కటకాల చట్రం, నాటకం చూసే దుర్భిణీ, ఇలా ఒక్కొక్కటే ఇంటికి వచ్చాయి. కొన్నింటి కటకాల్లో బూజు సాలెగూడులా పాకి ఉండేది. వాటిని మెత్తటి పంచె గుడ్డతో తుడుస్తూ కూర్చుంటే, నాకంటే ముందు వీటిలోంచి ఎవరెవరు ఏమేం చూశారో ఆ చూపులన్నీ లోపలే ఎక్కడో నిలిచి ఉన్నట్టు అనిపించేది.

అమ్మకు ఇవేవీ నచ్చేవి కావు.

"ఇంట్లో ఇన్ని కండ్లు పెట్టుకున్నావు గదప్పా, ఒక్కటైనా నువ్వు యాడుండావో చూస్తుందా? కరెంటు బిల్లు కట్టమని వారం నుంచి చెప్తా ఉండా."

అమ్మ మనసులో ఉన్నది వేరు. నేను బడికి పోయే రోజుల్లో నాయన గనిలో సర్వే పని చేసేవాడు. ఒకనాడు లోపల రాయి పేలింది. మా వైపు దాన్ని ఎయిర్‌బ్లాస్ట్ అంటారు. ఇళ్ళలో గిన్నెలు కదిలాయి. గని పనివాళ్ళ ఇళ్ళ లైన్లలోని ఆడవాళ్ళంతా షాఫ్టు దగ్గరికి పరుగెత్తారు. గనిలోంచి మనుషుల్ని మోసే కేజ్ పైకి వచ్చిన ప్రతిసారీ ముఖాలు వెతుక్కుంటూ నిలబడ్డ ఆ గుంపులో అమ్మ కొంగు చాపి మొక్కుకుంది: ఈయన్ని ప్రాణాలతో పైకి పంపిస్తే, ఇద్దరమూ కాశీకి వచ్చి నీ దర్శనం చేసుకుంటాం, విశ్వనాథా అని. నాయన వచ్చాడు. ఒళ్ళంతా దుమ్ముతో, తెల్లటి విగ్రహంలా వచ్చాడు. ఆ తర్వాత నా చదువు, చెల్లెలి పెళ్ళి, ఇంకేదో, ఇంకేదో. కాశీ ఏటికేడు దూరం జరిగింది. రిటైరైన కొన్నాళ్ళకే నాయన నిద్రలో పోయాడు. ఇంతలో అమ్మ గుండె నీరసించింది. రైలు ప్రయాణం మాట ఎత్తవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

"మీ నాయన ఆ మొక్కు మోసుకునే పోయినాడు. ఇంగ నేనూ మోసుకునే పోవల్లా?" అని అమ్మ అప్పుడప్పుడు అనేది. కోపంగా కాదు. దారి అడిగినట్టు అనేది.

మాలూరు తాలూకా మాస్తిలో ఒక పెళ్ళికి పోయినప్పుడు ఆ పెట్టె నాకు దొరికింది. విడిది ఇచ్చిన రైతు ఇంట్లో పట్టుపురుగుల తట్టల వెనుక, రాగుల మూటల పక్కన ఉంది. ఆ రైతు తాత దాన్ని వీపున కట్టుకుని జాతరల్లో తిరుగుతూ జనానికి ఊళ్ళు చూపించేవాడట. ముందువైపు పక్కపక్కనే రెండు గుండ్రటి కటకాలు. ఇద్దరు ఒకేసారి కూర్చుని, చెరొక దాంట్లో ఒక కన్ను పెట్టి చూడాలి. లోపల ఒక్కొక్క బొమ్మే తాడుకు వేలాడుతుంది. బొమ్మలు చాలామటుకు చెదలు తినేశాయి. మిగిలినవాటిలో ఒకటి కాశీ.

ఇంటికి తెచ్చి, శుభ్రం చేసి, కిటికీ దగ్గర పెట్టి చూశాను. అది కాశీని చూసి గీసింది కాదని తెలుస్తూనే ఉంది. గంగ మరీ నీలం. పడవలో ఒక ఏనుగు ఉంది. కానీ కటకంలోంచి చూస్తే మెట్లు ఒకదాని వెనుక ఒకటి లోతుకు పోయి, గోపురాలు దూరం జరిగి, నడుమ గాలి నిండినట్టు అయ్యేది. పెట్టె పైమూత తెరిస్తే పగలు. పైమూత మూసి వెనకమూత తీస్తే, కాగితంలో సూదితో పొడిచిన సన్నటి రంధ్రాల్లోంచి వెలుతురు దూరి, మెట్లంతటా దీపాలు వెలిగేవి. నేను చాలాసార్లు పగలును సాయంత్రం చేసి, సాయంత్రాన్ని మళ్ళీ పగలు చేసి చూసుకున్నాను.

అమ్మతో చెప్పాలా వద్దా అని తేల్చుకోలేకపోయాను. దేవుడి విషయంలో బొమ్మలాట ఆడించినట్టు అవుతుందేమోనని నా భయం. అమ్మే కనిపెట్టింది.

"ఏందప్పా, ఆ పెట్టె ముందర అంతసేపు వంగోని ఉండావు?"

"కాశీమ్మా."

అమ్మ దగ్గరికి రాలేదు. కానీ ఆ వారమంతా ఆమె మాట తగ్గింది.

మా భజన మందిరంలో విగ్రహం లేదు. గాజు పలక వేసిన సీతారాముల పటమే స్వామి. పటానికి నీళ్ళు పోస్తే కాగితం పాడవుతుంది. అందుకని అభిషేకం రోజున ఎదురుగా ఒక కంచు అద్దం నిలిపి, అందులో కనబడే స్వామికి పాలూ నీళ్ళూ పోస్తారు. ఆ అద్దాన్ని చింతపండుతో తోమి, తుడిచి, పటం నిండుగా కనబడేలా పట్టుకుని కూర్చునే పని ఎన్నో ఏళ్ళుగా అమ్మది. ఆ శనివారం అభిషేకం అయ్యాక, ఒళ్ళో నీళ్ళు కారుతుండగానే, అమ్మ భజన గురువుగారిని అడిగింది.

"సామీ, ఇప్పుడు తడిసింది ఎవరు? పటం తడవలేదు గదా?"

గురువుగారు రిటైరైన బడిపంతులు. ఏది అడిగినా ఒక నిమిషం కళ్ళు మూసుకుంటాడు. "స్వామే తడిసినాడమ్మా. అందులో ఏం సందేహం?"

"అట్లయితే సరే," అంది అమ్మ. అందరి ముందరా కాశీ పెట్టె సంగతి చెప్పింది.

గురువుగారు మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. "పెట్టెలో ఉండేది కాశీ అని నేను చెప్పలేనమ్మా. కాదని కూడా చెప్పలేను. నువ్వు మొక్కింది ఆయనకు. ఒప్పుకునేది ఆయన."

పక్క లైనులో ఉండే పెద్దమ్మ మాత్రం ఊరుకోలేదు. అమ్మకంటే కాస్త పెద్దది, గౌనిపల్లి ఆడపడుచు. మా భజన గోష్ఠిలో కాశీ చూసి వచ్చిన ఆడమనిషి ఆమె ఒక్కతే. అందుకే మొదటి హారతి ఆమె చేతికే ఇస్తారు.

"అట్లయితే ఇంగ రైలోళ్ళు దుకాణం మూసేయల్లా," అంది పెద్దమ్మ. "పెట్టెలో కాశీ, చెంబులో గంగ, గూట్లో వైకుంఠం! కాళ్ళు వాచిపోయేదాకా కూర్చోని పోయినానమ్మా నేను. ఆ సందుల్లో ఎద్దులు తోసేసినాయి నన్ను."

"నన్ను ఎద్దులు తోయలేదక్కా, నిజమే," అంది అమ్మ. "కావాలంటే మా కొడుకును తోయమంటాలే."

అందరూ నవ్వారు. నవ్వు అయిపోయాక అమ్మ ముఖం చూశాను. అందులో నవ్వు లేదు. ఇది కూడా చెల్లకపోతే ఆమెకు ఇక దారి లేదు.

మాఘమాసంలో ఒక పొద్దున అమ్మ తలస్నానం చేసి, తడి చీరతోనే వచ్చి పెట్టె ముందు పీట వేసుకుంది. పక్కన చెంబుతో నీళ్ళు పెట్టుకుంది. సంకల్పం చెప్పుకుంది. సంకల్పంలో మనం ఎక్కడ ఉన్నామో చెప్పాలి. నేను చెవి ఒగ్గి విన్నాను. అమ్మ కాశీ అనలేదు. కోలారు సీమలో, ఊరిగాంలో, నా ఇంట్లో కూర్చున్నాను అని, ఉన్నది ఉన్నట్టే చెప్పింది. గోత్రం చెప్పింది. నాయన పేరు చెప్పింది. తర్వాత కుడివైపు కటకంలో కన్ను పెట్టింది.

ఆమె చూసేది నేనూ చూడాలని నేను పక్కనే కూర్చుని రెండో కటకం దగ్గరికి వంగబోయాను. అమ్మ కన్ను తీయకుండానే చేత్తో నా తల పక్కకు తోసింది.

"అది మీ నాయనది."

నేను వెనక్కి జరిగాను. ఖాళీగా ఉన్న ఆ కటకం మీద కిటికీ వెలుగు చిన్న చుక్కలా నిలబడి ఉంది.

అమ్మ చాలాసేపు చూసింది. ఒకసారి "ఎంత జనం!" అంది. ఒకసారి చిన్నగా నవ్వింది, ఏనుగును చూసి అయి ఉంటుంది. చూస్తూనే చెయ్యి చాచి, చెంబులో వేళ్ళు ముంచి, తల మీద చల్లుకుంది. తర్వాత మళ్ళీ ముంచి, రెండో కటకం ముందరి ఖాళీ చోటులో చల్లింది. నేల మీద ఆ చుక్కలు పడ్డాయి. నేను మెల్లగా పైమూత దించి, వెనకమూత ఎత్తాను.

"దీపాలు పెట్టినారు," అంది అమ్మ.

గదిలో ఎండ ఉంది. వీధిలో పాలవాడి సైకిలు గంట వినబడింది. కానీ అమ్మ ఉన్న చోట సాయంత్రం. ఆ కాసేపు ఆమె గొంతు ఎక్కడో దూరం నుంచి, నీళ్ళ మీదుగా వస్తున్నట్టు వినబడింది. స్వామి దర్శనం ఇవ్వాలనుకుంటే దేనిలోంచైనా ఇస్తాడని నేను నూరుసార్లు భజనలో పాడాను. ఆ పొద్దున ఆ మాట నమ్మినవాడిలాగా కాక, దాని పక్కన కూర్చున్నవాడిలాగా ఉన్నాను.

లేచాక అమ్మ చీర మార్చుకుని వచ్చి అంది. "కాశీకి పోయినోళ్ళు ఒక పండు, ఒక కాయ వదలల్లా. జన్మలో ఇంగ తినగూడదు. నేను మామిడిపండు వదిలినా."

నేను ఉలిక్కిపడ్డాను. మా కోలారు జిల్లాలో వేసవి అంటేనే మామిడి. అమ్మ అన్నంలో కూడా రసపూరి పండు పిసుక్కుని తినే మనిషి.

"వేరే ఏదైనా వదలొచ్చు గదమ్మా. సీమరేగు పండో ఏదో."

"ఇష్టం లేనిది వదిలితే దాన్ని వదలడం అంటారా, పారేయడం అంటారా?" అంది. తర్వాత కాస్త ఆలోచించి, "మీ నాయన తరఫున వంకాయ. ఆయనకు ప్రాణం. పైన యాడ దొరుకుతుంది, ఎట్లాగూ వదిలేసే ఉంటాడు," అంది.

ఉగాది పోయి ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం పెద్దమ్మ గౌనిపల్లిలో తమ తోటలో కాసిన మామిడి తొలికాపు బుట్టలో పెట్టుకుని వచ్చింది. గది అంతా వాసన నిండింది.

"తినమ్మా, చెట్టున మాగినవి."

"వద్దక్కా. పిల్లోడికి ఇయ్యి. నేను కాశీలో వదిలేసినా."

పెద్దమ్మ నవ్వబోయింది. "యాడ, ఆ పెట్టెలోనా? ఓసి నీ! ఒక పండు తింటే ఎవరు చూస్తారు?"

అమ్మ బుట్ట వైపు చూసింది. కళ్ళు తిప్పుకోలేదు, ఆశపడనట్టు నటించలేదు. బాగా చూసింది, దూరదేశం పోయిన బిడ్డను తలుచుకున్నట్టు. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "వాసన మాత్రం పీల్చొచ్చులే," అంది.

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. బుట్ట మీది గుడ్డను సర్దింది. మళ్ళీ సర్దింది. నేను నీళ్ళు తెచ్చి ఇస్తే తాగకుండా పట్టుకుని కూర్చుంది.

"నేను కాకరకాయ వదిలినానమ్మా," అంది చివరకు. "పుట్టినప్పటి నుంచీ నోట పెట్టిందాన్ని కాదు. అదైతే కష్టం లేదని, అక్కడ గంగలో నిలబడి చెప్పేసినా."

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంగోసారి పోతే, ఇంగోసారి వదలొచ్చునా?" అని పెద్దమ్మ నన్ను అడిగింది. శాస్త్రం నాకు తెలుసని ఆమె నమ్మకం. నాకు తెలిసిన శాస్త్రంలో వద్దని ఎక్కడా లేదు. ఆ మాటే చెప్పాను.

పెద్దమ్మ చెంగు బిగించుకుని లేచింది. "అప్పా, ఆ పెట్టె కిటికీ కాడ పెట్టు. నేను స్నానం చేసి వస్తా."