పెద్దమ్మ చీర

గౌలిపురలో మా ఇంటి బర్రె మా పెద్దమ్మ చెయ్యి తగిలితేనే చేపేది. ఇంకెవరు కూర్చున్నా పాలివ్వక కాలు విసిరేది. అందుకే పెద్దమ్మ ఎక్కడున్నా పొద్దు వంక చూసి, "పిండే యాళ్లయితుంది, నేను పోతా" అని లేచేది. తన తండ్రి చనిపోయిన నాడు కూడా శవం లేవకముందే తిరిగొచ్చేసిందట.

పందొమ్మిది వందల నలభైల్లో ఒక కార్తీకంలో మీరాలం చెరువు కాలువ గట్టుకు వనభోజనానికి బయలుదేరాం. పెద్దమ్మ రానంది.

"నీ చీర కట్టుకొని నేను కూసుంట అక్కా. ఆ వాసనకు చేపుతది, నువ్వు పో" అని తోడికోడలైన మా అమ్మ ఆమెను బండెక్కించి, తాను ఇంట్లో ఆగిపోయింది.

గట్టు మీద పెద్దమ్మ కాలువలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. పిల్లలం నీళ్లు చల్లినా కసరలేదు. అన్నం తిని అక్కడే ఒరిగి నిద్రపోయింది. పొద్దు వాలేసరికి, నిద్రలోనే ఆమె వేళ్లు పొదుగు పట్టినట్టు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉన్నాయి. లేపడానికి ఎవరికీ మనసు రాలేదు.

దీపాల వేళకు ఇల్లు చేరాం. పెద్దమ్మ మాసిన చీరలో ఉన్న అమ్మ, నురుగు పొంగే చెంబుతో ఎదురొచ్చింది.

"సూడక్కా! ఒక్కసారి సుత తన్నలే. ఇగ నీకేం ఫికర్ లేదు."

పెద్దమ్మ చెంబులోకి చూసింది. వెళ్లి బర్రె నుదురు నిమిరింది. అలాగే గుంజకు ఆనుకుని కూలబడింది.

"మా బాపు పోయిన నాడు గీ చీర ఇడిసిపోతే అయిపోతుండె గదనే" అంది.