మనవరాలి కారు వెనక టైర్లు

మా ఇంట్లో ఏ వస్తువునూ ఒక పక్కే అరగనివ్వం. చాపకు తలవైపు, కాళ్ళవైపు మారుస్తాం. దుప్పటి తిరగేస్తాం. ఏటా ఆయుధపూజ ముందురోజు కారు కడిగేటప్పుడు ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి వేస్తాం. ఈ పద్ధతి పెట్టింది నేనే.

పోయిన ఆయుధపూజకు మనవరాలు హోసూరు నుంచి వేప్పనపల్లి దగ్గరి మా మామిడితోటకు తన కారులో వచ్చింది. ఫ్యాక్టరీలో ఇంజనీరు. సొంత జీతంతో కొన్న పాత కారు అది. ఇంజను బలమంతా వెనక చక్రాలకే. పెడలు నొక్కితే సీటు మన వీపు పట్టి ముందుకు తోస్తుంది. ఎక్కినప్పుడల్లా నాకు ఊరికే నవ్వొస్తుంది.

ఆమె తలస్నానానికి పోగానే మా కొడుకు జాకీలు, ఇటుకలు పెట్టి నాలుగు చక్రాలూ మార్చేశాడు. కిందికి దించితే కారు ముక్కెత్తి, పిర్రలు ఆనించి, బువ్వకోసం కాచుకున్న కుక్కలా కూర్చుంది.

మనవరాలు తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చింది. "ఏంది నాయనా, నా కారు ఆకాశం చూస్తాండాదే! వెనకవి పెద్ద చక్రాలు. ముందుకి మార్చేదానికి లేదు."

"చిన్నవి అరిగి చిన్నవైనాయనుకుంటి."

"టైరుమీది గీతలన్నీ అట్లే ఉండి చక్రం మాత్రం చిక్కిపోతుందా అప్పా?" అన్నాను. ముగ్గురం నవ్వాం. వాడు మాత్రం ముందుగా ఆపేశాడు.

"నవ్వేది సరే. ముందువి కొత్తగా ఉండాయి, వెనకవి నున్నగైనాయి. నువ్వు రేసులకు తోలతాండావు పాపా. పండగ కాగానే దీన్ని అమ్మేద్దాం."

"నా జీతంతో కొన్నాను నాయనా."

"ప్రాణం కూడా జీతంతోనే కొన్నావా?"

పిల్ల ముఖం వాడిపోయింది. నేను లోపలికి పోయి రవికలు కొలిచే ఇనుప స్కేలు తెచ్చి, ఆ పెద్ద టైర్ల పక్కన నేలమీద పడుకున్నాను. లోపలి అంచున గీత లేదు. నడుమ కొంచెం ఉంది. బయటి అంచున బాగా లోతుంది. రెండో టైరూ అంతే.

"రేసులకు తోలితే వెడల్పంతా అరగాల. ఇది లోపలి అంచు ఒక్కటే. చక్రాలు ఒరిగుండాయి. ఇంక వెనకవి ముందుగా ఎందుకు అరిగినాయంటావా, నీ ట్రాక్టర్ చూడు. చిన్నవి దారి చూపిస్తాయి, పెద్దవి తోస్తాయి. తోసేదే అరిగేది. నువ్వు కృష్ణగిరికి మామిడికాయలు రేసులోనే తోలినావా?" అని కొడుకును అడిగాను.

"ఆ మాట టైర్ల షాపులో చెప్పనీ. ఒరిగుంటే బండి ఉంటాది. లేదంటే అమ్మేది" అన్నాడు.

"సరే. ముందు నన్ను పైకి లేపండి" అన్నాను. నడుం పట్టేసింది. ఇద్దరూ చెరో చెయ్యి పట్టి లాగుతూ నవ్వితే, నేను సగంలో మళ్ళీ కూలబడ్డాను.

చక్రాలు మళ్ళీ యథాస్థానంలో బిగించి, పండగ మరునాడు మెల్లగా హోసూరు పోయాం. చక్రాల ఒరుగు సరిచేసే అలైన్‌మెంట్ షాపులో కారును మిషన్ మీద ఎక్కించారు. మనవరాలు నా చెయ్యి నలిపేస్తోంది. తెరమీద వెనక చక్రాలు రెండింటికీ ఎరుపు వచ్చింది.

"రెండూ లోపలికి ఒరిగుండాయమ్మా" అన్నాడు షాపతను.

పిల్ల నన్ను ఎత్తినంత పని చేసింది. వెనకకు రెండు కొత్త టైర్లు వేయించి, చక్రాలు సరిచేయించాం. కొడుకు తాళం కోసం చెయ్యి చాపాడు. "సరిగా పోతాదో లేదో చూస్తా."

తిరిగొచ్చే దారిలో శూలగిరి దాటినాక రోడ్డు ఖాళీగా దొరికింది. పెడలు నొక్కాడు. ముగ్గురి వీపులూ సీట్లకు తగిలాయి. "అమ్మో!" అని అరిచి, వెంటనే కాలు తీశాడు. రెండు నిమిషాలకే మళ్ళీ నొక్కాడు. ఈసారి ముగ్గురం అరిచాం.

తోటకు చేరినాక మేమిద్దరం దిగాం. వాడు దిగలేదు.

"తాళమియ్యి నాయనా."

"ఉండు పాపా, కృష్ణగిరి దాకా పోయొస్తా."

"ఏం పని?"

"ఏదో ఒకటి కొంటా."

పిల్ల ముందు తలుపు, నేను వెనక తలుపు తీసుకుని మళ్ళీ ఎక్కేశాం.