అక్కకు చీర బదులు ఫోను

నాకు ఒకచోట కాలు నిలవదు. ఆ ఏడాది దసరా ముందు ఊరంతా నాలాగే తయారైంది. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బస్సులు డిపో దాటడం లేదు, రైలు ఎక్కితే ఎక్కడ ఆపేస్తారో తెలియదు. నేను జనగామలో సర్కారు ఆఫీసులో గుమాస్తాను. పొద్దున్నే దీక్ష టెంటులో కూర్చోవడం, పది నిమిషాలకు లేచి రోడ్డు మీదికి రావడం, మళ్ళీ పోయి కూర్చోవడం. అప్పట్లో నా కొలువు అదే.

నా అసలు పరేషాన్ వేరే. ఘనపూర్ దగ్గర పల్లెలో ఉండే మా అక్కా, హైదరాబాదు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఆమె కూతురూ పన్నెండు రోజులుగా మాట్లాడుకోవడం లేదు. బావ పోయాక అక్కకు ఆ ఒక్క పిల్లే లోకం. ఆ పిల్ల ఊరేగింపులో పోలీసుల ఎదుట నిలబడి అరుస్తుంటే అక్క పక్కింటి టీవీలో చూసింది. వెంటనే ఫోన్ చేసింది. "సదువుకోను పోయినవా, సావను పోయినవా? గట్లనే తిరుగుతనంటే నాకు ఫోన్ చెయ్యకు!" అంది. తల్లికి తగ్గ కూతురు. "సరే, చెయ్య" అని పెట్టేసింది. తెలంగాణ కోసం పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్న రోజులవి. పేపరు తెరవాలంటేనే భయంగా ఉండేది.

నేను మధ్యలో పడ్డాను. ఫోన్లో మేనకోడలిని బతిమిలాడాను, తిట్టాను, మళ్ళీ బతిమిలాడాను. చివరికి ఒక మెట్టు దిగింది.

"సద్దుల బతుకమ్మ నాడు పొద్దుగాల అమ్మకు నేనే చేస్త మామా. ఎత్తి రమ్మంటే వస్త. ఎత్తలేదనుకో, ఇగ నా జోలికి రావద్దు, నువ్వు గూడ."

అక్కకు ఫోన్లో చెప్తే నమ్మలేదు. "నిజంగ చేస్తనన్నదా? నువ్వు కల్పించి చెప్తలేవు గద?" అని ఆ సాయంత్రం మూడుసార్లు అడిగింది. ఆ మూడుసార్లలో రెండుసార్లు మాట మధ్యలోనే తెగిపోయింది. ఆమె ఫోనుకు వెనక మూత లేదు, రబ్బరు బ్యాండు వేసి నడిపిస్తోంది. అప్పుడు నా బుర్రలో మెరిసింది. పండక్కి ఇంటి ఆడబిడ్డకు చీర పెట్టడం మా ఆనవాయితీ. ఈసారి చీర కాదు, ఫోను పెడతాను. మామూలుది కాదు, బజార్లో అన్నింటికంటే మంచిది. ఆ ఒక్క ఫోన్‌కాల్ తప్పిపోకూడదు.

బంద్ కాబట్టి జనగామలో ఫోన్ల దుకాణం షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి దూరాను. దుకాణదారు అద్దం మీద మూడు ఫోన్లు పరిచాడు, మూడూ తాకితే పనిచేసేవే. ఒకదానికి ఫోటోలు బాగా వస్తాయట, ఒకదానికి తెర పెద్దదట, ఇంకోదాని గురించి అతను ఇంగ్లీషులో ఏదో చెప్పాడు.

"అదంత నాకెందుకన్నా. ఫోనొస్తే గట్టిగ మోగుతదా లేదా?"

"మోగుడేంది, వాడకట్టు వాడకట్టు లేస్తది!"

పెద్దది చేతిలోకి తీసుకుంటే పల్చనిది బాగుందనిపించింది. పల్చనిది పట్టుకుంటే విరిగిపోతుందేమోనని భయం. బయటికొచ్చి టీ తాగాను, మళ్ళీ వంగి లోపలికి వెళ్ళాను. ఇట్లా నాలుగుసార్లయింది. "అన్నా, పిల్లను సూసుకునేటప్పుడు గూడ గిన్నిసార్లు రారు" అన్నాడు. మండింది. ఆ కోపంలో అన్నింటికంటే ఖరీదైనది కొనేశాను. ఖరీదు ఎక్కువైతే భరోసా ఎక్కువ అనుకున్నాను, అదీ నా తెలివి. ఇంట్లో పెట్టె చూసి నా భార్య, "నాకు ఫ్యాను తిరుగుతలేదు, మీ అక్కకు ఆకాశంల ఎగిరే గాలిమోటరు కొన్నవా?" అంది. సమ్మెలో జీతం లేని మనిషిని, బండి తుడుచుకుంటూ కూర్చున్నాను.

సద్దులంటే బతుకమ్మ పండుగ చివరి రోజు. దానికి ముందురోజు బండి మీద బయల్దేరాను. దారిలో రెండుచోట్ల రోడ్డుకడ్డంగా మొద్దులు. జై తెలంగాణ అంటే పోనిచ్చారు. మధ్యాహ్నానికి అక్క ఇల్లు చేరి పెట్టె విప్పాను.

"గిదేంది తమ్మీ, అద్దం తెచ్చినవ్? మొఖం సూసుకునుడేనా?"

పాత ఫోనులోంచి సిమ్ము తీసి ఇందులో వేశాను. నా ఫోనుతో రింగిచ్చి చూపించాను. "గీ పచ్చగుర్తు మీద వేలువెట్టి పక్కకు జరిపితే చాలు, ఎత్తినట్టే" అన్నాను. ఒకటికి నాలుగుసార్లు నేనే జరిపి చూపాను. నువ్వు చెయ్యి అంటే అక్క చేతులు కొంగులో దాచుకుంది.

"రేపు నా బిడ్డ చేసినప్పుడు ముట్టుకుంట. బోణి దాందే కావాలె."

ఫోనుకు బొట్టు పెట్టి దేవుడి పటాల ముందు ఉంచింది.

తెల్లారింది. ఏడయింది, ఎనిమిదయింది. ఫోను మోగలేదు. నేను వాకిట్లోకి, ఇంట్లోకి, మళ్ళీ వాకిట్లోకి. "నువ్వు గిట్ల తిరుగుతుంటె నా పాణం ఆగుతలేదు, పోయి ఇంత తంగేడు పువ్వన్న తే పో!" అని అక్క తరిమింది. వెళ్ళాను. పూలు కోసుకుని తిరిగొస్తుంటే రోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుతున్నారు. రమ్మంటే కూర్చున్నాను, తిన్నాను, నినాదాలిచ్చాను. రెండు గంటలు పోయాయి.

వచ్చేసరికి అక్క గడపలో కూర్చుని ఉంది. ఫోను ఆమె ఒళ్ళో ఉంది. తెర మీద మేనకోడలి నంబరు. నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ ఎత్తలేదు.

"సూపిచ్చిన గదనే అక్కా! గంత సమజ్ కాదా నీకు?" గట్టిగా అరిచాను. ఇప్పటికీ ఆ అరుపు తలుచుకుంటే నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

"జరిపిన తమ్మీ. అది జరుగుతలేదు" అంది. ఏడవలేదు. "వాడకట్టోళ్ళందరు పువ్వుకు పోయిన్రు. ఎవలన్న ఉంటరేమోనని మూడిండ్లు ఉరికిన."

నమ్మలేదు నేను. నా ఫోనుతో రింగిచ్చాను. అక్క వేలు పెట్టి జరిపింది. పచ్చగుర్తు కదల్లేదు. గట్టిగా నొక్కి జరిపింది. కదల్లేదు. ఆమె వేలు నేనే పట్టుకుని తెర మీద రుద్దాను, అయినా కదల్లేదు. అప్పుడు చూశాను ఆ వేలిని. ఇన్నేళ్ళు పత్తి ఏరీ ఏరీ, ఎండిన కాయల ములుకులు గుచ్చుకుని గుచ్చుకుని, కొసన చర్మం నల్లగా గట్టిపడి బెరడులా ఉంది. మధ్యలో పగుళ్ళు. మిగిలిన వేళ్ళూ అంతే. దుకాణంలో అద్దం ముందు నిలబడి నాలుగుసార్లు ఫోన్లు చూశాను. తాకేది అక్క వేలని ఒక్కసారీ తట్టలేదు నాకు.

మేనకోడలికి ఫోన్ చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. పది, పదిహేను సార్లు చేసి ఉంటాను. హాస్టల్లో ఉన్న స్నేహితురాలికి చేస్తే, "ఏడ్చుకుంట బయటికి పోయింది అంకుల్, ఎటు పోయిందో తెల్వది" అంది. బస్సుల్లేవు, బండి మీద ఎంత ఉరికినా రాత్రవుతుంది. వాడకట్టులో ఆడవాళ్ళు బతుకమ్మలు పేర్చడం మొదలుపెట్టారు. అక్క తంగేడు కట్ట విప్పలేదు. "అది రాంది నేను పేర్వ" అంది. గోడకు ఆనుకుని, చేతులు ఒళ్ళో బోర్లించి అట్లాగే ఉండిపోయింది. నేను వాకిలంతా తిరిగాను.

పొద్దు గూకే వేళకు నా ఫోను మోగింది. ఆ పిల్లే. ముందు ఆమె ఊపిరి విని నాకు ప్రాణం లేచొచ్చింది.

"నాలుగుసార్లు చేసిన మామా. అమ్మ ఎత్తలే. గీ మాట చెప్దామనే చేసిన. ఇగ నాకు పండుగ లేదు, ఇల్లు లేదు."

నేను చెప్పబోయాను. అక్క నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఎత్తిన బిడ్డా. మీ మామ తెచ్చిన అద్దం ఫోను నా వేలుకు పల్కలే."

అక్క ఫోన్ చెవికి ఎంత గట్టిగా అదుముకుందంటే, నాకు పక్క నుంచే అన్నీ వినిపిస్తున్నాయి. ఆ పిల్ల అడిగింది.

"ఏ వేలుతోని చూసినవే?"

"పదింటితోని సూసిన బిడ్డా."

ఆ పిల్ల ఒక్కసారిగా బావురుమంది. వెక్కిళ్ళ మధ్య, "నీ వేళ్ళు నాకెరుకనేనే అమ్మా" అంది. అక్క అప్పుడు ఏడ్చింది, పొద్దున్నుంచీ పట్టుకున్నదంతా.

"రావే బిడ్డా" అంది.

"వస్తున్ననే" అంది ఆ పిల్ల.

బస్సుల్లేవు, ఎట్లా వస్తావని అక్క అడగలేదు, ఆ పిల్లా చెప్పలేదు.