క్షితిగర్భుడి అంగీ చేతులు

ఐదో నెలలో నా కడుపులోని బిడ్డ పోయింది. అప్పట్లో మేం అమెరికాలో, శాంటా క్లారాలో ఒక డూప్లెక్స్‌లో అద్దెకుండేవాళ్లం. కొన్నాళ్లకు నా భర్త మళ్లీ ఆఫీస్‌కి వెళ్లసాగాడు. నేను ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక మన గుడికి ఫోన్ చేశాను.

"పుట్టని బిడ్డకి కర్మలేవీ ఉండవమ్మా. మనసు గట్టి చేసుకోండి," అన్నారు పూజారిగారు. మెత్తగానే చెప్పారు. అయినా నా బిడ్డ ఎవరికీ ఏమీ కానట్టనిపించింది.

పక్క వాటాలో ఒక జపనీస్ ముసలావిడ ఉండేది. నా పొట్ట పెరగడం చూసిన మనిషి, అది లేకపోవడమూ చూసింది. ఒక మధ్యాహ్నం సూప్ తెచ్చిచ్చి, గుమ్మంలోనే నిలబడి ఇంగ్లిష్‌లో నెమ్మదిగా చెప్పింది. "నాకూ ఒక బిడ్డ ఇలాగే పోయింది. అలాంటి పిల్లల్ని చూసుకునే దేవుడు మాకున్నాడు. ఆయన గుడికి వస్తావా?"

ఆ దేవుడి మెడలో కట్టడానికి పసిపిల్లల జొల్లుగుడ్డలాంటిది ఎర్ర బట్టతో కుట్టాలట. ఆవిడ పక్కన కూర్చుని వంకరటింకరగా కుట్టాను.

"మనకి ఇలాంటివి లేవు కదా, వెళ్తే ఇంకా అప్‌సెట్ అవుతావ్," అన్నాడు నా భర్త.

"నువ్వు రాకపోతే నేను ఆంటీతో వెళ్తా."

శనివారం మా ఇద్దర్నీ ఎక్కించుకుని అతనే డ్రైవ్ చేశాడు.

ఇళ్ల మధ్య చిన్న బౌద్ధాలయం అది. పెరట్లో మోకాలెత్తు రాతి విగ్రహాలు, గుండు తలలతో, మెడల్లో వెలిసిన ఎర్ర గుడ్డలతో. మాది ఇండియా అని తెలిసి అక్కడి గురువు విగ్రహం వైపు చూపించాడు. "ఈయనా మీ దేశంవాడే. క్షితిగర్భ."

ఉచ్చారణ వేరైనా మాకు అర్థం చెప్పనక్కర్లేకపోయింది. నేలను గర్భంగా కలవాడు. నా భర్త తల దించుకున్నాడు.

గురువు తీరిగ్గా చెప్పాడు. ఎడారి బాటల్లో వర్తకుల వెంట నడిచిన సన్యాసులు ఈయన్ని చైనాకు చేర్చారట. చైనావాళ్లు పేరును తమ మాటల్లోకి మార్చుకుని, పోయినవాళ్ల బాగోగులు ఈయనకు అప్పగించారు. ఆ తర్వాత అక్కడి పట్టూ పుస్తకాలూ వచ్చిన ఓడల్లోనే జపాన్‌కూ వచ్చాడు. పెద్దవాళ్లకంటే ముందే పోయిన పిల్లలు పరలోకపు ఏటి ఒడ్డున దిక్కులేకుండా ఉంటారని, ఈయన వాళ్లను తన అంగీ చేతుల్లో దాచుకుంటాడని జపాన్‌వాళ్ల నమ్మకం.

విగ్రహం అంగీ చేతుల్ని చూశాను. సంచుల్లా వేలాడే వదులు చేతులు.

"మా దేశంలో సన్యాసులు కట్టుకునేది ఒంటికి చుట్టుకునే వస్త్రమే కదా, ఈ చేతులెక్కడివి?" అని అడిగాను.

"చైనావి," అన్నాడు. "అక్కడి చలికి, అక్కడి మర్యాదకు తొడిగారు."

నా బిడ్డకు చోటు దొరికింది పరాయివాళ్లు కుట్టిన ఆ మడతల్లో. ఎర్ర గుడ్డ కట్టబోతే ముడి పడలేదు. నా భర్త మోకాళ్లమీద కూర్చుని ముడి వేశాడు. అక్కడి ఆచారం ప్రకారం గరిటెతో విగ్రహం తలమీద నీళ్లు పోశాడు. హాస్పిటల్లో కూడా ఏడవని మనిషి అక్కడ గట్టిగా ఏడ్చాడు. ముసలావిడ మా వెనక నిలబడి ఇద్దరి వీపులమీదా చెరో చెయ్యీ వేసింది.

ఆ తర్వాత మాకు పిల్లలు కలగలేదు. ఏటా బిడ్డ పోయిన రోజుల్లో ఆ గుడికి వెళ్తాం. ఆవిడకు ఇప్పుడు చూపు ఆనదు, నా చెయ్యి పట్టుకునే నడుస్తుంది. ముందు ఆవిడ బిడ్డకు నీళ్లు పోస్తాం. తర్వాత మా బిడ్డకు.