ఎరుపు వేసిన వీధి

వాతావరణం మారి ఊళ్లు వదిలినవాళ్లు ఎక్కడ చేరుతున్నారు, చేరిన చోట గొడవలు పెరుగుతున్నాయా అని చూడటమే చెన్నైలో నేను పనిచేసిన పరిశోధన సంస్థ పని. ప్రభుత్వాలు కుప్పకూలిన దేశాల గురించి రాసేవాళ్లు వేరే ఉండేవారు. మాది తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం కాబట్టి నాకు నగరానికి ఉత్తరాన ఉన్న తొండియార్‌పేట అప్పగించారు.

అక్కడ ఒక వీధి నిండా కాకినాడ వైపు తీరం నుంచి వచ్చినవాళ్లే. మొదట మాట్లాడింది రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసే ఒక నడివయసు ఆవిడతో. ఇంటిని రెండుసార్లు వెనక్కి జరిపి కట్టుకున్నారట. మూడోసారి సముద్రం దాన్నీ తీసుకుపోయింది. నా ప్రశ్నల కాగితంలో ‘స్థానికుల మీద మీకు కోపం ఉందా?’ అని ఒకటుంది. అడగడానికి మొహమాటపడ్డాను, కానీ అడిగాను.

“ఎందుకుండదండీ? నీళ్ల లారీ వత్తే మా బిందెలెత్తి అవతల పడేత్తారు. కోపం రాదేటండి?” అంటూ ఆవిడ నవ్వేసింది.

‘అవును’ దగ్గర టిక్కు పెట్టాను. బిందెల సంగతి రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు.

కొన్ని నెలలకు ఒక పెద్ద హోటల్లో మా నివేదిక విడుదల చేశారు. తెర మీద అంతర్యుద్ధాలతో చితికిపోయిన దేశాల పటాలు, వాటి పక్కనే మా నగరం. ఆవిడ వీధికి ఎరుపు వేశారు. కింద ‘హింసకు అవకాశం ఎక్కువ’ అని రాశారు. ముందు వరుసలోవాళ్లు ఫోన్లెత్తి ఫొటోలు తీసుకున్నారు.

భోజనాల దగ్గర మా డైరెక్టర్‌ని పట్టుకున్నాను.

“ఆ టిక్కు పెట్టింది నేనే సార్. ఆడ గొడవలేం లేవు. ఆమె చెప్పింది నీళ్ల గురించి.”

ఆయన చేపముక్కలోంచి ముల్లు లాగుతూ, “జవాబు అవుననే కదమ్మా?” అన్నాడు. “భద్రతకు ముప్పు అంటేనే చదువుతారు. బిందెల గురించి రాస్తే ఎవడు చూస్తాడు?”

నూనె అంటిన ఆ పెదాలంటే ఇప్పటికీ అసహ్యమే. అయితే ఆయన నేను పెట్టిన టిక్కునే వాడుకున్నాడు. ఆ వీధిని పటంలోంచి తీసెయ్యమని ఉత్తరం రాశాను. వీధిని ఉంచి, రచయితల జాబితాలోంచి నా పేరు తీసేశారు. అదే వారంలో ఆ పటం పేపర్లో వచ్చింది.

నేను వెళ్లేసరికి ఆ వీధిలో సగం గదులు ఖాళీ. ఆవిడ చాపలు చుడుతోంది.

“ఊరవతల మనలికి పోతన్నామండి. మేం కత్తులట్టుకు తిరుగుతామని పేపర్లో ఏశారంట. ఇంటి ఓనరు ఖాళీ చేసీమన్నాడు,” అంది. “మీరు రాసుకెళ్లారుగా, అందులో అట్టా ఉందేటండి?”

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేసి, ఉందన్నాను. టిక్కు సంగతీ చెప్పాను.

ఆవిడ తిట్టలేదు. చుట్టిన చాపకు తాడు బిగించి కట్టింది.

“మనలిలో మా ఇల్లెక్కడో ఎవర్నీ అడక్కండమ్మా,” అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ నెలాఖరుకు ఉద్యోగం మానేశాను. నివేదిక ఇప్పటికీ సంస్థ వెబ్‌సైటులో ఉంది. ఆ వీధి ఎర్రగానే ఉంది.