మూడొందల ఎనిమిదో గది వైరు

వెలిచ్కకు లోకంలో రెండింటి మీదే నమ్మకం: తన ముక్కు, తన సూది. మిగతా వాళ్ళంతా, మిగతావన్నీ, ఆమె లెక్కలో విచారించి తేల్చాల్సిన సంగతులే.

స్లివెన్ ఊరి చివర, కొండగాలి నేరుగా వచ్చి కిటికీలు కొట్టే చోట ఉన్న ఆడపిల్లల హాస్టల్‌కి ఇరవై రెండేళ్ళుగా ఆమె మేట్రన్. దుప్పట్లు ఇచ్చేది ఆమే, తాళాలు దాచేది ఆమే, గదుల్లో చాటుగా వండుకునే కరెంటు పొయ్యిలు పట్టేదీ ఆమే. అడుగుల చప్పుడు వినపడకూడదని ఉన్ని చెప్పులు వేసుకుని మెట్లెక్కుతుంది. ఏ పిల్లయినా మరీ తియ్యగా పలకరిస్తే ముందు ఆ పిల్ల పరుపు ఎత్తి చూస్తుంది. చిక్కుడు గింజల సూపు ఏ గదిలో ఉడుకుతోందో కింద అంతస్తులో నిలబడే చెప్పేస్తుంది. కరెంటు పని చేసే అసెన్ మాడిపోయిన బల్బులు ఇంటికి పట్టుకుపోతాడని కూడా ఆమెకు అనుమానం. మాడిన బల్బులతో అతనేం చేసుకుంటాడో ఆమెకూ తెలియదు.

చిరిగిన దుప్పట్లు, దిండు గలీబులు ఆమే కుడుతుంది. ఎడమచేతివాటం కాబట్టి ఆమె కుట్లు అందరి కుట్లకూ ఎదురు దిక్కుకు వాలి ఉంటాయి. పైగా ప్రతి మూడో కుట్టు దగ్గర చిన్న ముడి వేస్తుంది. హాస్టల్ దుప్పటి ఇంటికి పట్టుకుపోయి, మాదేనని బుకాయించిన పిల్లల్ని ఆ ముళ్ళు చూపించే నోరు మూయించింది.

పొయ్యి దొరికినా, హీటరు దొరికినా, టేపు చుట్టిన వైరు దొరికినా పిల్లలందరిదీ ఒకటే జవాబు. "నేను వచ్చేసరికే ఉంది పిన్నీ!" వెళ్ళిపోయే పిల్ల తన సామాను తర్వాత వచ్చే పిల్లకు వదిలివెళ్ళడం ఆ హాస్టల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటే. అయినా ఇన్నేళ్ళలో ఆ మాటను వెలిచ్క ఒక్కసారి కూడా నమ్మలేదు.

జనవరిలో ఒక సోమవారం పొద్దున మూడో అంతస్తులో కరెంటు పోయింది. వెంటనే రబ్బరు కాలిన కంపు. వెలిచ్క పరుగున వెళ్ళి మూడొందల ఎనిమిదో గది తలుపు తోసింది. గోడ మీది ప్లగ్గు నల్లగా మాడి ఉంది, పరుపు అంచు పొగలు కక్కుతోంది. గెర్గన అనే మొదటి సంవత్సరం పిల్ల తడి తువ్వాలుతో పరుపును బాదుతోంది. పక్కన హీటరు, దానికి తగిలించిన పొడుగాటి వైరు. ఆ వైరు మధ్యలో కోడిగుడ్డంత లావున టేపు చుట్టి ఉంది.

"ఈ వైరు ఎవరిది?"

"నేను వచ్చేసరికే ఉంది పిన్నీ. ఒట్టు!"

"నా చెవిలో పువ్వు కనిపిస్తోందా నీకు? పై టేపు ఇంకా మెరుస్తోంది!"

"పై చుట్టు నేనే వేశాను. వేడెక్కుతోందని. లోపలవి మాత్రం నావి కావు."

"వేడెక్కుతోందని తెలిసి కూడా వాడావన్నమాట. చెప్తా నీ పని."

ప్లగ్గు కాల్చిన వైరు ఎవరిదైతే, వాళ్ళెవరైనా సరే, వాళ్ళకు హాస్టల్లో చోటు పోతుంది. అది అక్కడి నియమం. గెర్గనది కొండ మీది పల్లె, చలికాలం బస్సు వారానికి రెండుసార్లే దిగుతుంది. హాస్టల్ పోతే చదువు పోయినట్టే. ఆ సంగతి వెలిచ్కకు తెలుసు. తెలిసే, జాలి గొలిపే కథ పిల్ల ముందే అల్లిపెట్టుకుందని అనుమానించింది. గురువారం కూర్చునే హాస్టల్ కమిటీ ముందు ఆ అబద్ధాన్ని ఆనవాళ్ళతో సహా పెట్టాలని వైరును తన గదికి తెచ్చుకుంది.

అసెన్‌ను కూర్చోబెట్టుకుని చిన్న కత్తెరతో టేపు విప్పడం మొదలుపెట్టింది. పైన నల్లది. దాని కింద నీలం. దాని కింద పుండ్లకు వేసే తెల్ల ప్లాస్టరు. మళ్ళీ నల్లది, ఎండి పెళుసెక్కి పొడిలా రాలింది.

"ఇది ఒక్క పిల్ల చుట్టింది కాదు వెలిచ్కా," అన్నాడు అసెన్. "ఏళ్ళ తరబడి ఒకరి మీద ఒకరు చుట్టారు. లోపల సగం తీగలు తెగిపోయాయి. మిగిలిన సగం మీద హీటరు బరువంతా పడి కాలింది. తెగిన వైరుకు పైన ఎంత చుడితే ఏం లాభం? అది మందు కాదు, ముసుగు."

"నువ్వు ఆ పిల్ల తరఫా?"

"నేను వైరు తరఫు," అని నవ్వి, టీ తాగి వెళ్ళిపోయాడు.

అట్టడుగున గుడ్డ టేపు కనిపించింది. ఒక పక్క మాడిపోయింది. రెండో పక్క చివర ఊడిపోకుండా ఎవరో ఆకుపచ్చ దారంతో కుట్టారు. వెలిచ్క కళ్ళద్దాలు తుడుచుకుంది. కుట్లు ఎదురు దిక్కుకు వాలి ఉన్నాయి. మూడో కుట్టు దగ్గర ముడి.

ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఇదే హాస్టల్లో, రెండో అంతస్తులో ఉంటూ ఆమె బట్టల నేత చదివింది. పొయ్యిని పరుపులో దాచింది, ఒక్కసారి కూడా దొరకలేదు. పిల్లల పరుపులు ముందు ఎత్తి చూడటం ఆమెకు ఎవరూ నేర్పలేదు. తలుపు సందులో పడి తన వైరు నలిగితే గుడ్డ టేపు చుట్టి కుట్టేసింది. పెళ్ళి కుదిరి చదువు మానేసినప్పుడు, "బాగానే పనిచేస్తుంది, వాడుకో," అని పక్క మంచం పిల్లకు ఇచ్చేసింది.

ముందు నమ్మలేదు. తన చేతినే అనుమానించింది. మొన్న కుట్టిన దిండు గలీబు తెచ్చి పక్కన పెట్టి చూసింది. తేడా లేదు. ఆ గుడ్డ టేపు స్టవ్‌లో పడేస్తే నిమిషంలో బూడిదైపోతుంది, ఎవరికీ తెలియదు. కుట్లున్న వైరు ముక్కను కత్తిరించి, రెండు రోజులు ఏప్రన్ జేబులో పెట్టుకుని తిరిగింది. సిగ్గుతో మెట్ల మీద గెర్గన మొహం చూడలేకపోయింది.

గురువారం కమిటీ గదిలో వార్డెన్ హాజియెవ్ కాగితం తీశాడు. వైరు సొంతదారు అన్న చోట గెర్గన పేరు అప్పటికే రాసి ఉంది. పిల్ల గోడవారగా నిలబడి, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతో చూస్తోంది.

"వైరు ఈ పిల్లదేనా వెలిచ్కా?"

"కాదండీ. పిల్ల వచ్చేసరికే ఉంది."

వార్డెన్ కళ్ళద్దాల మీదుగా చూశాడు. "ఇన్నేళ్ళలో నీ నోట ఈ మాట ఎప్పుడూ వినలేదే! మరి ఎవరిది?"

"నాది."

ఆమె కథంతా చెప్పింది. వార్డెన్ నవ్వాడు. "ముప్పై ఎనిమిదేళ్ళ నాటి వైరా? ఎవరి చెవిలో పువ్వు పెడుతున్నావు? ఆ పిల్ల వాళ్ళమ్మ నీకేం పంపింది, పచ్చడి సీసాలా?"

వెలిచ్కకు ఒళ్ళు మండింది. సరిగ్గా అదే గొంతు, అదే నవ్వు. ఇన్నేళ్ళూ గుమ్మాల్లో నిలబడి తను నవ్విన నవ్వు.

ఏప్రన్‌కు గుచ్చి ఉన్న సూది తీసి దారం ఎక్కించింది. వార్డెన్ బల్ల మీది గుడ్డ అంచు లాగి, ఎడమచేత్తో ఆరు కుట్లు వేసి, రెండు ముళ్ళు పెట్టి, దారం పళ్ళతో తెంపింది. కాలిన వైరు ముక్కను ఆ కుట్ల పక్కన పెట్టింది.

"చూసుకోండి."

హాజియెవ్ చాలాసేపు వంగి చూశాడు. ఇదీ అదీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కలం తీసి గెర్గన పేరు కొట్టేసి, ఆ గీత కిందే వెలిచ్క పేరు రాశాడు.