కోలాటంలో ఆగడం

మా అమ్మాయి బళ్ళో ఏం నేర్చుకుందో నన్నడిగితే సరిగ్గా చెప్పలేనండి. నేను చదివింది అయిదు. అది ఆరులోకి వచ్చేసరికే దాని పుస్తకాలు నాకు అర్థం కావడం మానేశాయి. కానీ బడి వదిలేక సాయంత్రంపూట మిషనక్క వాకిట్లో ఏం నేర్చుకుందో మాత్రం చెప్పగలను. అది తెలుసుకోడానికి కుట్టాల్సిన పని లేని జాకెట్టుని కూడా కుట్టించిన మనిషిని నేను.

మాది ముమ్మిడివరానికి ఇవతల కాలవగట్టు ఊరు. మా ఆయన అప్పట్లో మస్కట్లో ఉండేవారు. ఇంట్లో మా అత్తగారు, నేను, పిల్ల. ఊళ్ళో మగపిల్లలకి యూత్ క్లబ్బుండేది. వాలీబాల్ నెట్టు, క్యారమ్స్ బల్ల, గోడ మీద క్రికెటర్ల బొమ్మలు, అన్నీ వాళ్ళకే. ఆడపిల్లలకి బడి, ఇల్లు, మళ్ళీ బడి. అలాంటప్పుడు ఊరికి కోడలిగా వచ్చి జాకెట్లు కుట్టుకునే ఒకమ్మాయి ఈ పిల్లల్ని పోగేసి, బాలికల సంఘం అని పేరు పెట్టి, జడ కోలాటం నేర్పడం మొదలెట్టింది. పిల్లలంతా ఆమెని మిషనక్క అనేవారు.

జడ కోలాటం చూడనివాళ్ళకి చెప్తాను. నడుమ ఒక గుంజ పాతి, దాని పైనుంచి రంగురంగుల తాళ్ళు వదుల్తారు. ఒక్కో పిల్ల ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో కర్ర పట్టుకుంటుంది. సగం మంది ఇటు, సగం మంది అటు, ఒకరి లోపల్నుంచి ఒకరు దూరుతూ ఆడితే గుంజ చుట్టూ తాళ్ళు జడలా అల్లుకుంటాయి. మళ్ళీ వెనక్కి ఆడితే జడ విడిపోతుంది. అల్లడం సులువే, విడదీయడమే కష్టం.

తాళ్ళ కోసం ఇంటికో పాత చీర చింపి పేనుకు రమ్మంది మిషనక్క. మా అత్తగారు తన కనకాంబరం రంగు చీర తీసిచ్చేరు. ఇస్తూనే, "చిరిగిపోయింది గనక ఇస్తున్నాను. ఆ గెంతులు నచ్చి కాదు," అన్నారు.

మా అత్తగారి నోరంటే వీధి చివర కుక్క కూడా తోక ముడిచేది. ఆ భయానికి మా పిల్లకి ఒక అలవాటు పడింది. ఏం పగిలినా దాచెయ్యడమే. గ్లాసు పగిలితే పెరట్లో కొబ్బరి డొక్కల కుప్ప కింద, సాసరు పగిలితే తవుడు డబ్బాలో. తవుడు తిన్న గేదె నోట్లో గాజుపెంకు పడకపోవడం మా అదృష్టం.

అలాంటి పిల్ల కోలాటం నుంచి వస్తుంటే మొహం వెలిగిపోయేది. నాకు ఆగదు కదా, అడిగేదాన్ని.

"అక్కడ ఏం చేస్తారే?"

"ఆడతాం."

"ఇంకా?"

"ఆగుతాం."

ఆగడం కూడా నేర్చుకునే పనేనా? నాలుగు రోజులు అదే ఆలోచన. ఆఖరికి బాగానే ఉన్న జాకెట్టు ఒకటి భుజం దగ్గర కుట్టు విప్పి, పట్టుకుని వెళ్ళేను.

వెళ్ళేసరికి పిల్లలు ఆడుతున్నారు. మిషనక్క మిషను తొక్కుతూనే పాట అందిస్తోంది. ఇంతలో ఒక పిల్ల కర్ర పైకెత్తింది. అంతే, అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయేరు. "నేను తప్పేను. నీలం తాడుకి లోపల్నుంచి రావాలి, బయట్నుంచి వచ్చేసేను," అందా పిల్ల. ఒక్కరూ నవ్వలేదు. అందరూ వెనక్కి అడుగులేసుకుంటూ ఆ తప్పిన చోటికి వెళ్ళి, మళ్ళీ అక్కణ్ణించి ఎత్తుకున్నారు.

"తిట్టవేంటమ్మా?" అన్నాను.

"తిడితే రేపు కర్ర ఎత్తరండి వదినగారూ. ఎత్తకపోతే తప్పు ఎక్కడ పడిందో తెలీదు, ముడి బిగిసిపోద్ది. అప్పుడింక కత్తెరతో కొయ్యడమేనండి."

"మరి మా అమ్మాయి ఎత్తుతుందా?"

మిషనక్క మిషను ఆపింది. "ఇంకా ఎత్తలేదండి."

"తప్పట్లేదా?"

"ఆయ్, తప్పుతోందండి. మొన్న రెండు తాళ్ళు కోసేం."

నాకు తవుడు డబ్బా గుర్తొచ్చింది.

ఆ వారంలోనే మా ఆయన ఎదురింటివాళ్ళ ఫోనుకి ఫోన్ చేసేరు. మా అత్తగారు రిసీవరు నాకివ్వకుండా పట్టుకుని, "ఊరంతా చూస్తుంటే ఆడపిల్ల గెంతులేంట్రా?" అని మొదలెట్టేరు. ఆయన అక్కణ్ణించి, "నీకెలా తోస్తే అలా చెయ్యమ్మా," అనేసేరు. ఫోను పెట్టేసి ఆవిడ తీర్పు చెప్పేరు: "అమ్మవారి తీర్థంలో, అంత జనం ముందు ఆడతారట కదా. వచ్చి చూస్తాను. అక్కడ తప్పు చేసి నవ్వులపాలయ్యేరో, ఆ రోజుతో సరి. మళ్ళీ ఆ వాకిలి తొక్కడానికి లేదు." పిల్ల గుమ్మం చాటునుంచి వింది. ఆ పూట అన్నం సగమే తింది.

తీర్థం రోజు సాయంత్రం ముందు వరసలో చాప పరిపించుకుని కూర్చున్నారు మా అత్తగారు. ఆట మొదలైంది. జడ అల్లుకుంటుంటే ఆవిడ కళ్ళు కనకాంబరం తాడు మీదే. జడ పూర్తయ్యేసరికి జనం చప్పట్లు కొట్టేరు. విడదీయడం మొదలెట్టేరు. సగం విడిపోయింది. అక్కడ మా పిల్ల చేతిలోని కనకాంబరం తాడు పట్టేసింది.

"అదిగో, నా చీర!" అని నా చెయ్యి నొక్కేరు అత్తగారు.

పిల్లకి కూడా తెలిసింది. ఒక్క క్షణం వాళ్ళ మామ్మ వైపు చూసింది. ఎత్తితే కోలాటం ఇవాళ్టితో సరి. ఎత్తకపోతే ఎవరు తప్పేరో ఎవరికీ తెలీదు. ఏం చేస్తుందో మరి!

కర్ర పైకి లేచింది.

పాట ఆగింది. వెనకనుంచి ఎవడో, "ఏంటర్రా, కరెంటు పోయిందా?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. మా పిల్ల ఆ నవ్వులోనే చెప్పింది, "నేనే. ఆకుపచ్చకి లోపల్నుంచి రాలేదు." పిల్లలంతా వెనక్కి నడిచేరు. ముడి వదులైంది. ఆకుపచ్చ జారింది, కనకాంబరం జారింది, ఆఖరికి గుంజ ఒక్కటే మిగిలింది. అప్పుడు కొట్టేరండి చప్పట్లు!

ఇంటికి ఆటోలో బయల్దేరేం. పిల్ల కర్ర ఒళ్ళో పెట్టుకుని, ఇక వదలాల్సిందే కదా అన్నట్టు నిమురుతోంది. సగం దారిలో అత్తగారే అడిగేరు.

"కర్రెత్తే ముందు నా వైపెందుకు చూసేవే?"

"మానిపించేస్తావు కదా మామ్మా."

"తెలిసే ఎత్తేవా?"

"ఎత్తకపోతే నీ చీర కోసేస్తారు."

ఆటో అబ్బాయి పకపకా నవ్వేడు. అత్తగారు కాలవ వైపు తిరిగిపోయేరు. నవ్వేరో, మూతి ముడిచేరో నాకు కనబడలేదు.

మర్నాడు కోలాటం వేళయినా పిల్ల కదల్లేదు, అరుగు మీదే కూర్చుంది. నేను పెరట్లోంచి వంటింట్లోకి వచ్చేసరికి అత్తగారు పొయ్యి ముందు నిలబడి గరిటె పైకెత్తి పట్టుకునున్నారు.

"ఏమైందండీ అత్తయ్యగారూ? బల్లి పడిందా?"

"బల్లీ లేదు, గిల్లీ లేదు. పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. నేనే వేసేను."

నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచి పులుసు ఉప్పనైతే అది ఉప్పు తప్పు, లేదంటే నా తప్పు. పిల్ల గుమ్మంలోకి వచ్చి వింతగా చూసింది.

"మరి వెనక్కెలా వెళ్తావు మామ్మా?"

"నీళ్ళు పోసో, ముక్కలేసో మీ అమ్మ చూసుకుంటుంది. నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటి? అక్కడ నా చీర ఎవరు పట్టుకుంటారు?"

పిల్లకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆ వెంటనే పరుగు. ఆ కంగారులో కర్ర అరుగు మీదే వదిలేసింది.

"చూడు, మర్చిపోయి పోయింది," అని గొణుగుతూ చెప్పులేసుకుని, కర్ర పట్టుకుని మా అత్తగారే బయల్దేరేరు. నేను పులుసులోకి ఇంకో రెండు వంకాయలు తరిగేను.